గడప నుండి గడపకు ఎన్ని గంటలు?



పోయిన నెల నకిరేకల్ నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమార్తె చికాగో దగ్గర కాపురముంటోంది. వచ్చే వేసవిలో కాన్పు. తల్లి వెళ్ళి తోడుండాలి. ఆమె ఇంతవరకు విమానం ఎక్కలేదు. "చికాగో ఎంత దూరమండీ? ఎన్ని గంటలు కూర్చోవాలి? అల్లుడుగారు పదహారు గంటలన్నారు. టిక్కెట్లు అమ్మే అబ్బాయి ఇరవై రెండన్నాడు. మా మరిది కొడుకు ముప్ఫయి దాటుతుందంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట నమ్మమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముగ్గురి మాటా నమ్మండి. ముగ్గురూ నిజమే చెప్పారు. కాకపోతే మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. విమానం ఆగకుండా ఎగిరితే ఎన్ని గంటలన్నది ఒక ప్రశ్న. ఒకచోట దిగి మరో విమానం ఎక్కి చేరడానికి ఎన్ని గంటలన్నది రెండో ప్రశ్న. మన ఇంటి గడప దాటిన దగ్గర నుండి వాళ్ళ ఇంటి గడప తొక్కేదాకా ఎన్ని గంటలన్నది మూడో ప్రశ్న. కుటుంబాలకు పనికివచ్చేది ఈ మూడోదే. మనం అడిగేదేమో ఎప్పుడూ మొదటిదే.

ఈ మాట మేము పుస్తకం చూసి చెప్పడం లేదు. 2019 డిసెంబరులో ఇదే ప్రశ్నకు ఒక చావు ఇంటి వాకిట్లో నిలబడి మేము జవాబు చెప్పాం. తప్పు చెప్పాం. ఆ తప్పును ఇప్పటికీ దిద్దుకోలేకున్నాం. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఈ ఒక్క ప్రశ్నకే కేటాయించాం. ముందు లెక్క చెబుతాం. తరువాత మా తప్పు చెబుతాం.

దూరం ఎంత?

మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తెచ్చుకోండి. ఒక దారం కూడా తెచ్చుకోండి. గోడ మీది పటంలో చూస్తే హైదరాబాదు నుండి అమెరికాకు దారి నేరుగా పడమరకు, అరేబియా మీదుగా, ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోవాలనిపిస్తుంది. పటం చదునుగా ఉంటుంది గాని భూమి గుండ్రంగా ఉంది. గ్లోబు మీద హైదరాబాదు దగ్గర దారం ఒక కొస, చికాగో దగ్గర మరో కొస పట్టుకొని బిగించి లాగండి. దారం పడమరకు పోదు. దాదాపు ఉత్తరానికే లేచి మధ్య ఆసియా దాటి, రష్యా దాటి, ఆర్కిటిక్ మంచు సముద్రం మీదుగా గ్రీన్‌లాండ్, కెనడాల వైపు దిగి చికాగో చేరుతుంది. దారిలో 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరికి, అంటే ధ్రువానికి 1,200 కి.మీ. చేరువ దాకా పోతుంది.

ఆ దారం పొడవునే లెక్కల్లో దూరమంటారు. హైదరాబాదు నుండి చికాగోకు అది సుమారు 13,280 కి.మీ. డల్లాసుకైతే సుమారు 14,400 కి.మీ. భూమి చుట్టు కొలత 40,000 కి.మీ. అనుకుంటే, మన పిల్లలు భూగోళంలో మూడో వంతు దాటి కాపురాలు చేస్తున్నారన్నమాట.

గాలిలో ఎన్ని గంటలు?

పెద్ద విమానం గంటకు సుమారు 900 కి.మీ. పోతుంది. 13,280ని 900తో భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు వస్తుంది. పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. విమానం కదిలాక రన్‌వే చేరడానికి, దిగాక తన చోటు చేరడానికి కొంత పోతుంది. ఎదురు గాలి కొంత తింటుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుండి చికాగోకు ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. హైదరాబాదు నుండి అమెరికాకు అలాంటి సర్వీసు అదే మొదటిది. దానికి పట్టే సమయం పదహారున్నర గంటల పైచిలుకు. అల్లుడుగారు చెప్పిన పదహారు అదే. ఆ సర్వీసు ఎక్కువ కాలం సాగలేదు గాని ఆ అంకె మాత్రం మన ఇళ్ళలో నిలిచిపోయింది.

ఎక్కువమంది ప్రయాణం దుబాయి, దోహా, లండన్, ఢిల్లీ వంటి చోట ఒకసారి దిగి ఎక్కే ప్రయాణమే. ఇక్కడొక విశేషం గమనించండి. హైదరాబాదు నుండి దుబాయి సుమారు 2,550 కి.మీ. అక్కడి నుండి చికాగో సుమారు 11,640 కి.మీ. కలిపితే 14,190. లండన్ మీదుగా పోతే 7,750, 6,340 కలిపి 14,090. నేరు దూరం కన్నా ఈ రెంటిలో ఏ దారిన పోయినా పెరిగేది ఎనిమిది, తొమ్మిది వందల కి.మీ. మాత్రమే. విమానానికి అది ఒక గంట పని. మరి పదహారు గంటలు ఇరవై రెండెట్లా అయ్యాయి? మధ్యలో దిగడం, తనిఖీ, రెండో విమానం కోసం కూర్చోవడం, మళ్ళీ ఎగరడం. మిగిలిన గంటలన్నీ వాటికే పోతాయి. ప్రయాణం పెరిగేది ఆకాశంలో కాదు, నేల మీద.

వెళ్ళేటప్పుడొక లెక్క, వచ్చేటప్పుడొక లెక్క కూడా ఉంది. విమానాలెగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయి నుండి చికాగోకు పదిహేను గంటలు దాటితే, చికాగో నుండి దుబాయికి పదమూడు గంటల చిల్లరే పడుతుంది. మన కాలువలో ఎదురీదడానికీ, ఏటివాలుకు పోవడానికీ ఉన్నంత తేడా.

ఇంకొక సంగతి. ఆకాశానికి కూడా సరిహద్దులున్నాయి. 2019 ఫిబ్రవరి నుండి జూలై వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు ఉత్తర భారతం నుండి పడమరకు పోయే విమానాలు దక్షిణంగా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం అనేక పాశ్చాత్య దేశాల విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు మళ్ళీ దారి మూసింది. కాబట్టి పోయిన ఏడు పక్కింటివాళ్ళు ఎన్ని గంటల్లో పోయారో అదే మన లెక్క అనుకోకూడదు. మన టిక్కెట్టు మీద ఉన్నదే మన లెక్క.

మన గడప నుండి శంషాబాదుకు

2008 మార్చి వరకు విమానం ఎక్కాలంటే బేగంపేట వెళ్ళాలి. పాలమూరువాళ్ళయినా, నల్లగొండవాళ్ళయినా హైదరాబాదు నగరాన్ని నడిమికి చీల్చుకొని పోవలసిందే. అమెరికా వీసా కోసమైతే మద్రాసు పోవలసిందే. ఆ ఏడాదే శంషాబాద్ విమానాశ్రయం మొదలయింది, హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ కూడా తెరిచారు. శంషాబాద్ పాలమూరు రోడ్డు మీదే ఉంది కాబట్టి మహబూబ్‌నగర్ నుండి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 80 కి.మీ. పోతే విమానాశ్రయమే వస్తుంది, నగరం మొహం చూడనక్కరలేదు. నల్లగొండ నుండి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నూరు కి.మీ. దాటుతుంది. మామూలు రోజు రెండు గంటల చిల్లర. సంక్రాంతి ముందు వెనుక పంతంగి టోల్‌గేటు దగ్గర ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు.

గడియారం చేసే మోసం

మా పెద్దమ్మ దేవరకొండ దగ్గర పల్లెలో ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, మా తమ్ముడు, చికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. 2016 జూన్‌లో కోడలి కాన్పుకని పెద్దమ్మ అమెరికా వెళ్ళింది. మేమే శంషాబాదు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాం.

ఆ ప్రయాణం లెక్క చూడండి. సోమవారం రాత్రి పదిన్నరకు ఊరు వదిలాం. ఒంటిగంట దాటాక విమానాశ్రయం చేరాం. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు విమానం లేచింది. చికాగోలో దిగిన సమయం టిక్కెట్టు మీద మంగళవారం సాయంత్రం నాలుగు అని ఉంది. తెల్లవారి నాలుగున్నర నుండి సాయంత్రం నాలుగు అంటే పదకొండున్నర గంటలే గదా అని మా ఇంట్లో ఒకరన్నారు. కాదు. టిక్కెట్టు మీద ప్రతి సమయమూ ఆయా ఊరి గడియారం చెప్పే సమయం. వేసవిలో చికాగో గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. పదకొండున్నరకు పదిన్నర కలిపితే ఇరవై రెండు గంటలు. దుబాయికి నాలుగు, అక్కడ ఆగింది రెండు ముప్పావు, చికాగోకు పదిహేనుంపావు. కూడి చూడండి, ఇరవై రెండే వస్తుంది.

టిక్కెట్ల అబ్బాయి లెక్క ఇది. దీనికి ముందు ఊరు వదిలిన దగ్గర నుండి ఆరు గంటలు కలపండి. తరువాత పాస్‌పోర్టు వరుసలో, పెట్టెల దగ్గర రెండు గంటలు, కారులో ఇంకొక గంట కలపండి. ముప్ఫయి ఒక్క గంట. మరిది కొడుకు మాట అది.

పెద్దమ్మ తిరిగి వచ్చాక ఊళ్ళో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఎంత దూరమని అడిగారు. ఆమె గంటలు చెప్పలేదు. "దుబాయిల తెల్లారిందే బిడ్డా, ఆడికెళ్ళి మూడుసార్లు తినబెట్టిన్రు గని పొద్దు మాత్రం గూకలే" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. జూన్ నెలలో ఉత్తర ధ్రువం దగ్గర సూర్యుడు అస్తమించడు. పైగా విమానం పొద్దు వెంటే పడమరకు పరుగెత్తుతుంది. ఆమె ఇల్లు చేరేసరికి కూడా అక్కడ ఇంకా వెలుతురే ఉంది.

మేము చేసిన తప్పు

2019 డిసెంబరులో ఒక గురువారం రాత్రి ఎనిమిది గంటలకు మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించింది. మేము అప్పటికే ఊళ్ళో ఉన్నాం. తమ్ముడికి ఫోను చేశాం. అక్కడ గురువారం ఉదయం ఎనిమిదిన్నర. పదిన్నరకు అతడే మళ్ళీ చేశాడు. "సాయంత్రం ఏడున్నర విమానానికి సీటు దొరికింది, బయలుదేరుతున్నా" అన్నాడు. టిక్కెట్టు కాగితం మా ఫోనుకు పంపాడు.

వాకిట్లో పెద్దలు కూర్చొని ఉన్నారు. "పిలగాడు ఎప్పటికి దిగుతడు?" అని అడిగారు. ఏడుపుల మధ్య, వచ్చేపోయే వాళ్ళ మధ్య మాకు చెవిన పడింది "బయలుదేరుతున్నా" అన్న ముక్క ఒక్కటే. తలలో ఉన్నది పదహారు అన్న అంకె ఒక్కటే. రాత్రి పదిన్నరకు పదహారు కలిపితే మధ్యాహ్నం రెండున్నర. శంషాబాదు నుండి ఊరికి రెండున్నర గంటలు. "రేపు ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు" అని మేము చెప్పాం. చదువుకున్నవాళ్ళు, విమానాశ్రయం చూసినవాళ్ళు చెబుతున్నారు గదా అని అందరూ ఒప్పుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు భూస్థాపన అని అన్ని ఊళ్ళకూ కబురు వెళ్ళింది. ఒక్క పూటే గదా అని ఫ్రీజరు పెట్టె తెప్పించలేదు.

అసలు లెక్క ఇది. చికాగోలో గురువారం సాయంత్రం ఏడున్నర అంటే చలికాలంలో మనకు శుక్రవారం ఉదయం ఏడు. మేము "బయలుదేరాడు" అనుకున్న వేళకు అతడింకా ఎనిమిదిన్నర గంటలు అక్కడే ఉండాలి. దుబాయికి పదమూడు గంటలు. అక్కడ నాలుగు గంటల నిరీక్షణ. హైదరాబాదుకు మూడున్నర. అంటే శనివారం తెల్లవారుజామున మూడున్నరకు శంషాబాదు. ఊరు చేరేసరికి ఏడు దాటుతుంది. ఇదంతా ఆ టిక్కెట్టు మీద అచ్చు వేసే ఉంది. మేము తెరిచి చదవలేదు.

శుక్రవారం మూడు గంటలకు కూడా అతడి ఫోను మోగకపోయేసరికి మాకు అనుమానం వచ్చింది. హైదరాబాదులో చదువుకొనే మా మేనల్లుడికి టిక్కెట్టు పంపితే అయిదు నిమిషాల్లో సంగతి చెప్పాడు. అప్పటికి మహబూబ్‌నగర్ నుండి, వనపర్తి నుండి, గద్వాల నుండి బంధువులు వచ్చి ఉన్నారు. చాలామందికి చివరి బస్సు తప్పితే దారి లేదు. సమాధి త్రవ్వి ఉంది. దేహం ఒక రాత్రి, ఒక పగలు మంచు లేకుండా ఉంది. పాస్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి "ఏం చేద్దాం?" అని అడిగారు. మా దగ్గర మాట లేదు. పెద్దలు కాసేపు మాట్లాడుకొని ఇక ఆపలేమన్నారు. ఆరింటికి, చీకటి పడుతుండగా, కార్యక్రమం ముగిసింది.

శనివారం ఉదయం తమ్ముడు కారు దిగాడు. ఇంట్లోకి రాకుండా సమాధి దగ్గరికే వెళ్ళాడు. చాలాసేపటికి మమ్మల్ని "ఎన్నింటికి చేశారు?" అని అడిగాడు. ఆరింటికన్నాం. మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "అప్పుడు నేను విమానంలో ఉన్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అతడు ఈనాటికీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కేవలం పదమూడు గంటల తేడా. దేవరకొండ నుండి ఒక పెట్టె తెప్పించి ఉంటే, ఒక్క రాత్రి ఆపి ఉంటే, అతడు తల్లి ముఖం చూసేవాడు.

టెలిగ్రాము కాలంలో ఈ బాధ ఈ రూపంలో లేదు. దూరదేశంలో ఉన్న కొడుకు కోసం ఎవరూ ఆగేవారు కాదు, అతడూ ఆశించేవాడు కాదు. కబురు చేరేసరికే అంతా అయిపోయేది. 2013 జూలైలో టెలిగ్రాము సేవే ఆగిపోయింది. ఇప్పుడు కబురు క్షణంలో చేరుతుంది, మనిషి ఒకటిన్నర రోజుల్లో చేరగలడు. చేరగలడు కాబట్టే ఆగాలా వద్దా అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాళ్ళు సరిగ్గా లెక్క పెట్టవలసి ఉంది.

పాలమూరు దూరాలు

ఇదంతా అమెరికా పిల్లలున్న ఇళ్ళ సంగతి అని మిగతావాళ్ళు పేజీ తిప్పేయకండి. మన జిల్లాలకు దూరం కొత్తది కాదు. 1889లో రష్యా సామ్రాజ్యంలోని ఉక్రెయిన్ ప్రాంతం నుండి బయలుదేరిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండ చేరి స్థిరపడ్డారు. అవి ఆవిరి ఓడల రోజులు. ఇంటికి వెళ్ళిరావాలంటే వారాల ప్రయాణం. తల్లిదండ్రులను మళ్ళీ చూస్తామన్న నమ్మకంతో ఎవరూ ఓడ ఎక్కేవారు కాదు.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు త్రవ్వారు, రోడ్లు వేశారు. ముంబయి పోయిన కుటుంబాలు నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు ఎన్నో ఉన్నాయి. మహబూబ్‌నగర్ నుండి ముంబయి సుమారు 700 కి.మీ. బస్సులో పద్నాలుగు పదిహేను గంటలు. ఇంచుమించు ఇరవై రెట్లు దూరమున్న చికాగోకు ఆగని విమానం తీసుకున్న గంటలూ దాదాపు అన్నే గదా! కిలోమీటర్లు చూసి దగ్గర దూరం చెప్పలేమనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా ముంబయిలో కట్టడం పని చేసే కొడుకు ఆ రాత్రి బస్సెక్కాలంటే మేస్త్రి బాకీ తేలాలి, చేతిలో చార్జీలుండాలి. అతడి దూరంలో ఆ గంటలు కూడా కలపాలి.

గల్ఫు సంగతి మరీ విచిత్రం. దుబాయి సుమారు నాలుగు గంటలే. మన దగ్గర నుండి విమానంలో విశాఖపట్నం, ఢిల్లీ పోయినట్లే పోయి రావచ్చు. కాని అక్కడ కూలి పనికి పోయిన మనిషికి ఒప్పందం రెండేళ్ళు. సెలవు ఇవ్వడం యజమాని చేతిలో ఉంటుంది. నాలుగు గంటల దూరంలో ఉన్న భర్త రెండేళ్ళ దూరంలో ఉంటాడు. మా పరిచయస్తురాలు ఒకామె, పాలమూరు జిల్లాలో బీడీలు చుట్టుకొని ముగ్గురు పిల్లలను పెంచుతోంది. "మీ ఆయన ఎంత దూరంలో ఉన్నాడమ్మా?" అని అడిగితే "ఇంక ఏడు నెలల దూరం" అంది. అంతకన్నా సరైన లెక్క మేము వినలేదు.

ప్రతి ఇంట్లో ఒక చీటీ

దూరదేశంలో మనిషి ఉన్న ప్రతి కుటుంబమూ నెమ్మదిగా ఉన్న ఒక సాయంత్రం కూర్చొని ఒక చీటీ వ్రాసుకోవాలని మా మనవి. కష్టం వచ్చిన రాత్రి లెక్కలు రావు. అది మేము అనుభవించి చెబుతున్నాం.

ఒకటి. వాళ్ళ గడియారానికి, మన గడియారానికి తేడా వ్రాయండి. చికాగో, డల్లాసులకు సులువు పద్ధతి ఒకటుంది. పగలును రాత్రి చేయండి, రాత్రిని పగలు చేయండి. తరువాత చలికాలంలో అరగంట, వేసవిలో గంటన్నర తీసివేయండి. అక్కడ సాయంత్రం ఏడున్నర అయితే చలికాలంలో మనకు మరునాడు ఉదయం ఏడు, వేసవిలో మరునాడు ఉదయం ఆరు. అక్కడ మార్చి రెండో ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు వేసవి గడియారం నడుస్తుంది.

రెండు. "బయలుదేరాను" అన్న మాట మీద ఆధారపడవద్దు. "మన గడియారం ప్రకారం ఏ రోజు, ఎన్ని గంటలకు శంషాబాదులో దిగుతావు?" అని అడగండి. వారం పేరుతో సహా కాగితం మీద వ్రాయండి.

మూడు. విమానం దిగిన సమయానికి గంటన్నర కలపండి. ఆపైన రోడ్డు సమయం కలపండి. తెల్లవారుజామున డిసెంబరు, జనవరి మంచు ఉంటే ఇంకొక అరగంట కలపండి.

నాలుగు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు, వినడానికి కష్టంగా ఉన్నా, ఆగవలసి వస్తే ఎంతసేపు ఆగుతామో ముందే మాట్లాడుకోండి. ఫ్రీజరు పెట్టె ఏ ఊళ్ళో దొరుకుతుందో, కరెంటు పోతే ఏం చేయాలో తెలిసి ఉండాలి. దూరాన ఉన్న బిడ్డను కూడా ఆ మాటల్లో కలుపుకోండి. రాలేని పరిస్థితి ఉంటే ఎవరు ముందు నిలబడాలో అతడే చెబుతాడు.

అయిదు. గల్ఫులో, ముంబయిలో ఉన్నవాళ్ళ పాస్‌పోర్టు నకలు, పనిచేసే చోటి చిరునామా, తోటి పనివాళ్ళ ఫోను నంబరు ఇంట్లో ఉంచండి. అవి దొరకక పోగొట్టుకునే రోజులు ప్రయాణపు గంటలకన్నా ఎక్కువ.

నకిరేకల్ సోదరికి

అమ్మా, మీరు ధైర్యంగా వెళ్ళిరండి. టిక్కెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పండి. అందులో చిన్నతనమేమీ లేదు. రెండో విమానం దగ్గరికి వాళ్ళే తీసుకుపోతారు. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉండేలా చూడమనండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్ళది. మధ్యలో ఆగే సమయం మరీ తక్కువ తీసుకోవద్దు. రెండున్నర, మూడు గంటలుంటే మనవంటి వాళ్ళకు నెమ్మది.

షుగరు, బీపీ మాత్రలు, చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలో వేయవద్దు. ఇన్సులిన్ వాడేవారైతే అది అసలే వేయకూడదు. సగం రోజు వెనుకకు జరిగే గడియారంలో మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరక ముందే మీ డాక్టరును అడగండి. విమానంలో నీళ్ళు త్రాగుతూ ఉండండి. గంటకో, రెండు గంటలకో లేచి నాలుగు అడుగులు వేయండి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.

వేసవిలో పగటిపూట పోయే విమానమైతే కిటికీ పక్కన కూర్చోండి. పొద్దు గూకకపోతే కంగారుపడకండి. మా పెద్దమ్మకూ గూకలేదు.

మీరు బయలుదేరే ముందు మీ చీటీ వ్రాసి మీవారి చేతికివ్వండి. మీరు ఏ రోజు, మన గడియారం ప్రకారం ఎన్ని గంటలకు అమ్మాయి గడప తొక్కుతారో అందులో ఉండాలి. ఇక్కడ ఎదురుచూసేవారికి అదే ఓదార్పు. మనుమడో మనుమరాలో పుట్టాక మాకొక కార్డు వ్రాయండి.

మిగతా పాఠకులు కూడా ఈ రాత్రే ఆ చీటీ వ్రాసి బీరువా తలుపు లోపల అతికించండి. మా ఇంట్లో 2020 జనవరిలో అతికించాం. తమ్ముడు వచ్చినప్పుడల్లా అది అతడి కంట పడుతూనే ఉంది. పోయినసారి వచ్చినప్పుడు ఎవరూ అడగకుండానే జేబులో నుండి కలం తీసి, మారిన తన ఫోను నంబరు దిద్ది వెళ్ళాడు.

వచ్చే నెల కలుసుకుందాం.